యానిమేషన్ రాజధాని కావాలంటే కూలి లెక్కలు చాలవు

హైదరాబాద్ ప్రపంచ యానిమేషన్ రాజధాని కాబోతోందన్న మాట ఏ సదస్సుకు వెళ్లినా వినబడుతోంది. మంత్రులు అంటున్నారు, పరిశ్రమ పెద్దలు అంటున్నారు, శిక్షణ సంస్థల హోర్డింగులు అమీర్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా అదే అంటున్నాయి. వాళ్ల వాదన నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. అమెరికాలో అయ్యే ఖర్చులో చిన్న వంతుకే ఇక్కడ అదే పని అవుతుంది. మన కుర్రాళ్లకు ఇంగ్లీషు వచ్చు, కంప్యూటరు వచ్చు, రాత్రింబగళ్లు కష్టపడే ఓపికా ఉంది. ముందు విదేశీ స్టూడియోలకు పనిచేస్తాం, చేస్తూ చేస్తూ నేర్చుకుంటాం, ఆ తర్వాత మన కథలు మనమే తీసి ప్రపంచానికి అమ్ముతాం. పురాణాలు ఎలాగూ ఉన్నాయి కాబట్టి కథలకు కొదవ లేదు.

పాతికేళ్లుగా ఇదే వింటున్నాం. దేని ముక్క దానికి చూస్తే ఎంతో కొంత నిజమే అనిపిస్తుంది. అన్నీ కలిపి అల్లిన కథే తప్పు. కూలికి చేసే పని దానంతటదే సొంత పరిశ్రమగా మారదు. సొంత యానిమేషన్ పుట్టి నిలబడిన చోట్లు చూడండి: ముందు అక్కడి పిల్లలు, ఆ భాష మాట్లాడే ప్రేక్షకులు దాన్ని నిలబెట్టారు. వాళ్ల కోసం ప్రభుత్వాలు నియమాలు పెట్టాయి, డబ్బు పెట్టాయి. ప్రపంచం తర్వాత వచ్చింది. మనం ఆ మొదటి పని వదిలేసి రెండోదాని కోసం ఎదురుచూస్తున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఈ రంగానికి ఇమేజ్ విధానం తెచ్చింది, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేసింది. కేంద్రం 2022 బడ్జెట్‌లో టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది, 2025 మేలో ముంబైలో వేవ్స్ సదస్సు జరిపింది. అన్నింటిలోనూ వినిపించే మాటలు ఉద్యోగాలు, ఎగుమతులు, పెట్టుబడులు. తెలుగు పిల్లవాడు సాయంత్రం బడి నుంచి వచ్చి ఏం చూస్తాడన్న ప్రశ్న వాటిలో వినబడదు. నా పేచీ అంతా దాని గురించే.

ఈ ఆశ వయసెంతో ముందు చూద్దాం. 2000 సంవత్సరంలో చెన్నైలోని పెంటామీడియా గ్రాఫిక్స్ షేరు పేరు తెలియని మదుపరి లేడు. షేర్ బ్రోకర్ కేతన్ పారేఖ్ చెయ్యి పడ్డ షేర్లలో అదొకటి. ఆ సంస్థ మహాభారతాన్ని ‘పాండవాస్: ది ఫైవ్ వారియర్స్’ పేరుతో త్రీడీ యానిమేషన్‌లో, ఇంగ్లీషులో తీసింది. తర్వాత 2003లో సింగీతం శ్రీనివాసరావు గారి దర్శకత్వంలో ‘సన్ ఆఫ్ అల్లాదీన్’ తీసింది. అదీ ఇంగ్లీషులోనే. ‘మాయాబజార్’కు కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన మనిషి సింగీతం, ‘ఆదిత్య 369’ తీసిన మనిషి. పిల్లల్ని ఎలా నవ్వించాలో, ఎక్కడ నోరు తెరిపించాలో ఆయనకు తెలిసినంతగా తెలిసినవాళ్లు ఈ దేశంలో ఎందరున్నారు? లోటు ప్రతిభలో లేదు. ఆ సినిమాలు ఏ ఊరి పిల్లవాడిని ఉద్దేశించి తీసినవో చెప్పలేం. ప్రపంచమంతా చూస్తుందన్న లెక్కతో తీస్తే ఫలానావాళ్లు తప్పకుండా చూడాలన్న పట్టు లేకుండా పోయింది. 2001 మార్చిలో పారేఖ్ కూలాక షేరూ కూలింది. ఆనాటి ఊహలే ఇప్పుడు కొత్త పేర్లతో మళ్లీ తిరుగుతున్నాయి.

ఇక చౌక సంగతి. 2013 ఫిబ్రవరి 24న ఆస్కార్ వేదిక మీద ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు ఇచ్చారు. ఆ సినిమాలో పడవ మీది పులి చాలా షాట్లలో కంప్యూటర్‌లో పుట్టిందే. దాన్ని పుట్టించిన సంస్థ రిథమ్ అండ్ హ్యూస్. దాని ప్రధాన కార్యాలయం లాస్ ఏంజెలెస్ దగ్గర, హైదరాబాద్‌లోనూ ముంబైలోనూ స్టూడియోలు. అవార్డు అందుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ తమ సంస్థ కష్టాల గురించి నోరు విప్పేసరికి ‘జాస్’ సినిమా సంగీతం మోగించి మైకు ఆపేశారు. ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసి అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. హాలు బయట వందలమంది ఎఫెక్ట్స్ కళాకారులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. సినిమా మాత్రం ప్రపంచవ్యాప్తంగా 60 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

హైదరాబాద్, ముంబై జీతాలతో పని చేయించుకున్న సంస్థే మునిగిందంటే కారణం ఖర్చులో లేదు, ఒప్పందంలో ఉంది. ఒక్కో షాట్‌కు ఎన్ని మనిషి-రోజులు పడతాయో లెక్కగట్టి స్టూడియో ముందే ఒక మొత్తానికి ఒప్పుకుంటుంది. దర్శకుడు ఆకాశం రంగు మార్చమన్నా, పులి తల ఇంకొంచెం తిప్పమన్నా, విడుదల తేదీ నెలల తరబడి జరిగినా, ఆ అదనపు రోజుల జీతాలన్నీ స్టూడియో నెత్తినే. సినిమా ఆడితే వాటా ఉండదు. పులి బొమ్మ మీద హక్కు ఉండదు. అక్కడ పనిచేసినవాళ్లే ఈ వ్యవహారమంతా 2014లో వచ్చిన ‘లైఫ్ ఆఫ్టర్ పై’ అనే చిన్న డాక్యుమెంటరీలో విప్పి చెప్పారు. ప్రపంచంలో అందరికన్నా గొప్పగా చేసి, ఆస్కార్ కూడా గెలిచిన సంస్థ ఆ రేట్లతో బతకలేకపోయింది. అదే ఏర్పాటులో ఇంకా తక్కువ రేటుకు దిగడమే మన వ్యూహమైతే దాని చివర ఏముంటుందో ఎవరైనా ఊహించవచ్చు.

పన్నెండేళ్లకు, 2025 ఫిబ్రవరిలో, టెక్నికలర్ కూలింది. వందేళ్లు దాటిన కంపెనీ అది. దాని కిందే ఎంపీసీ, ద మిల్ లాంటి పేరున్న స్టూడియోలు. 2016 నాటి ‘ద జంగిల్ బుక్’కు ఎఫెక్ట్స్ ఆస్కార్ తెచ్చిపెట్టిన పనిలో బెంగళూరు కళాకారుల చేతులున్నాయి. కూలిన రోజున బెంగళూరు, ముంబైలలో వేలమంది ఉద్యోగాలు ఒక్కసారిగా గాలిలో కలిశాయి. వాళ్ల తప్పేమిటి? 2023లో హాలీవుడ్ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు, నటులూ చేశారు, షూటింగులు ఆగాయి, పని ఎండింది. ఆ సమ్మె న్యాయమైనదే. కానీ దాని దెబ్బ తగిలినవాళ్లలో బెంగళూరు కంపోజిటర్ ఉన్నాడు, అతని తరఫున ఆ బేరసారాల్లో కూర్చున్నవాళ్లు లేరు. 2025 మేలో ట్రంప్ విదేశాల్లో తీసిన సినిమాల మీద 100 శాతం సుంకం వేస్తానన్నాడు. లండన్, వాంకూవర్, మాంట్రియల్ పన్ను రాయితీలు ఇచ్చి పనిని తమవైపు లాక్కుంటూనే ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కటీ హైదరాబాద్ చేతిలో లేదు. తన చేతిలో లేని నాలుగైదు మీటల మీద నడిచే ఉపాధిని ఉపాధి అనండి, ఒప్పుకుంటాను. దాన్ని పరిశ్రమ భవిష్యత్తు అనకండి.

పనిచేస్తూ నేర్చుకుంటాం అన్న ముక్క అన్నింటికన్నా బలంగా నాటుకుపోయింది, కాబట్టి దాని దగ్గర కాస్త ఆగుతాను. బయటి నుంచి మన దగ్గరికి వచ్చే ఎఫెక్ట్స్ పనిలో పెద్ద భాగం రోటో, పెయింట్, మ్యాచ్‌మూవ్. రోటో ఎలా చేస్తారో చూడండి. ఒక నటి ఎగిరే జుట్టుతో నడిచి వస్తోంది, ఆమె వెనకున్న వీధిని మార్చాలి. అందుకు ముందు ఆమె ఆకారాన్ని ఆ వీధి నుంచి విడదీయాలి. సెకనుకు 24 ఫ్రేములు, ఐదు సెకన్ల షాట్ అంటే 120 ఫ్రేములు. ఆర్టిస్టు భుజం చుట్టూ ఒక గీత, మోచేతికి ఒక గీత, వేళ్లకు విడివిడిగా, జుట్టుకు పాయ పాయకూ గీసి, ఆ గీతల మీది చుక్కల్ని ఫ్రేము వెంట ఫ్రేము జరుపుతూ పోతాడు. వేగంగా ఊగిన చెయ్యి మసకబారిన చోట అంచు ఎక్కడుందో కంటితోనే తేల్చుకోవాలి. అర్ధరాత్రి దాటాక ఫైలు వెళ్తుంది. మర్నాడు క్లయింటు నోట్ వస్తుంది: చెవి దగ్గర అంచు వణుకుతోంది, సరిచేయండి. మళ్లీ కూర్చుంటాడు.

ఇది కన్ను, చెయ్యి, ఓర్పు మూడూ కావలసిన పని. చేసేవాళ్లంటే నాకు గౌరవం. అయితే ఆ నటి ఎక్కడికి నడుస్తోందో, ఎందుకు ఏడుస్తోందో అతనికి తెలియదు. అతని దగ్గర షాట్ నంబరు ఉంటుంది, గడువు ఉంటుంది. సినిమా విడుదలయ్యేదాకా పేరు బయట చెప్పకూడదన్న సంతకమూ ఉంటుంది. ఐదేళ్లు చేస్తే అతను గొప్ప రోటో ఆర్టిస్టు అవుతాడు. కథ రాయడం, స్టోరీబోర్డు గీయడం, ఒక పాత్ర ఎలా నడవాలో ఎలా అలగాలో పుట్టించడం, పదిసార్లు మార్చి పదకొండోసారి పారేసి మళ్లీ మొదలుపెట్టడం, ఇవన్నీ వేరే దేశంలో వేరే గదుల్లో జరుగుతాయి. సముద్రం దాటి వచ్చేది ఆ నిర్ణయాలన్నీ అయిపోయాక మిగిలిన పని. నిర్ణయించే గదిలోకి అడుగుపెట్టకుండా ఎన్ని వేల షాట్లు చేసినా నిర్ణయించడం రాదు. ఇప్పుడు ఆ మిగిలిన పనిని కూడా ఏఐ సాధనాలు అందుకుంటున్నాయి. అవి ముందు పట్టుకున్నవాటిలో అంచులు విడదీయడం, తీగలు చెరపడం ఉన్నాయి. మన వాళ్లు పట్టు సాధించింది సరిగ్గా అక్కడే.

శిక్షణ సంస్థల్లో చాలావాటిదీ ఇదే దారి. లక్షల ఫీజు కట్టిన ఇంటర్ పిల్లవాడికి సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుందో నేర్పుతారు. బొమ్మ గీయడం ఐచ్ఛికం, కథ చెప్పడం సిలబస్‌లోనే ఉండదు. మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ లాంటి చోట యానిమేషన్‌లో బీఎఫ్ఏ ఉంది, కానీ అక్కడి సీట్లతో నగరమంతటి ఆకలి తీరదు. రోటోకు మనుషులు కావాలన్న గిరాకీని చూసి సిలబస్ రాసినంత కాలం ఆ గిరాకీకి సరిపడే మనుషులే తయారవుతారు.

దీనికి వెంటనే వచ్చే జవాబు దక్షిణ కొరియా. వాళ్లూ అమెరికా కార్టూన్లకు కూలికి గీసి పైకొచ్చినవాళ్లే కదా అంటారు. గీశారు. 1989 నుంచి ‘ద సింప్సన్స్’ బొమ్మలు సియోల్‌లో కదిలాయి. కానీ కొరియా పిల్లలు నెత్తిన పెట్టుకున్న బుల్లి పెంగ్విన్ ‘పొరోరో’ 2003లో పుట్టింది ప్రభుత్వ విద్యా ఛానల్ ఈబీఎస్ అండతో. 2005లో ప్రసార సమయంలో ఇంత వాటా కొత్త దేశీయ యానిమేషన్‌కు ఇవ్వాల్సిందేనని అక్కడి ప్రభుత్వం ఛానళ్ల మెడ వంచింది. కూలి పని చేతులకు సాము నేర్పింది, అంతవరకు నిజం. ఆ చేతులకు సొంత పని దొరికింది మాత్రం ప్రభుత్వం తలుపు తెరిస్తేనే. తలుపు తెరవని చోటేమైందో చూడాలంటే మనీలాకు వెళ్లండి. 1980ల నుంచి హానా-బార్బెరా, జపాన్ తోయీ లాంటి బయటి స్టూడియోలకు అక్కడ గీస్తూనే ఉన్నారు. మనకంటే ముందే మొదలుపెట్టారు, మనకంటే బాగా ఇంగ్లీషు మాట్లాడతారు, చౌకగానూ చేస్తారు. మన వాదన ప్రకారం ఈపాటికి ఫిలిప్పీన్స్ ప్రపంచ యానిమేషన్ రాజధాని అయి ఉండాలి. నాలుగు దశాబ్దాల్లో వాళ్లు సొంతంగా తీసుకున్న పూర్తి నిడివి సినిమాలు గుప్పెడు.

చైనా 2006 సెప్టెంబరు నుంచి సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా టీవీల్లో విదేశీ కార్టూన్లు వేయకూడదని ఆంక్ష పెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చదు, పిల్లలకు బయటి కిటికీలు మూయడం ఏ దేశానికీ మంచిది కాదు. కానీ ఫలితం కళ్లెదుట ఉంది. 2025లో ‘నెజా 2’ 200 కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచంలో అంతకుముందు ఏ యానిమేషన్ సినిమాకూ అంత రాలేదు. ఆ డబ్బు దాదాపు అంతా చైనా లోపలే వచ్చింది. దర్శకుడు చెంగ్డూలో కూర్చుని, వాళ్ల పిల్లలకు తెలిసిన కథనే తీశాడు. అమెరికా ప్రేక్షకుడికి అర్థమవుతుందా అని మొహమాటపడి నీళ్లు కలపలేదు.

ఇప్పుడు నా వాదనకు ఎదురుగా నిలబెట్టగల బలమైన ఉదాహరణ మన ఊళ్లోనే ఉంది, దాన్ని దాటవేయను. రాజీవ్ చిలకా 2001లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ తీసిన ‘మైటీ లిటిల్ భీమ్’ 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. భారతదేశం బయటే 2.7 కోట్ల ఇళ్లలో చూశారని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. పాకే వయసు భీముడు, మాటలు లేవు, లడ్డూల కోసం అల్లరి. చూశారా, భాష తీసేస్తే ప్రపంచం వచ్చింది అంటారు. ఆ పసివాడు మాత్రం 2019లో ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2008లో పోగో ఛానల్‌లో ‘ఛోటా భీమ్’ మొదలైంది. దేశంలో పిల్లలు ఏళ్ల తరబడి చూశారు, అమ్మానాన్నల చేత బ్యాగులూ టిఫిన్ డబ్బాలూ కొనిపించారు. బొమ్మ మీద హక్కులు గ్రీన్ గోల్డ్ దగ్గరే ఉన్నాయి కాబట్టి ఆ డబ్బు ఇక్కడికే వచ్చింది, స్టూడియో పెరిగింది. పదేళ్లు ఇంటి పిల్లల మధ్య పెరిగిన పాత్రను ఇంకా చిన్నవాడిని చేసి ప్రపంచానికి చూపించారు. నేను చెబుతున్నదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు దొరకదు. అయితే ఇందులో నన్ను బాధించేదీ ఒకటుంది. హైదరాబాద్‌లో పుట్టిన భీముడి ఊరు ఢోలక్‌పూర్, పుట్టుకతో వాడి భాష హిందీ. తెలుగు నేల మీద పెద్ద స్టూడియో నిలబెట్టాలన్నా జాతీయ ఛానల్ హిందీలో అడిగినదాన్నే తీయాల్సి వచ్చింది. తెలుగులో అడిగే ఛానల్ లేకపోవడమే దానికి కారణం. మన తెనాలి రామకృష్ణుడి సంగతీ అంతే. 2003లో ఆయన్ని కార్టూన్ సీరియల్ చేసింది తిరువనంతపురంలోని టూన్జ్.

తెలుగులో అడిగేవాళ్లుంటే ఏం జరుగుతుందో ‘ఈగ’ చూపించింది. 2012 సినిమా, ఎఫెక్ట్స్ చేసింది హైదరాబాద్‌లోని మకుట. జాతీయ అవార్డూ వచ్చింది. ఈగకు కనుబొమ్మలు లేవు, పెదవులు లేవు, మాట లేదు. అసలు ఈగను దగ్గరగా చూస్తే ప్రేమించడం కష్టం, అందుకే ఆకారాన్ని మార్చుకున్నారు, కళ్లు పెద్దవి చేశారు. కోపం, దిగులు, ఎగతాళి అన్నీ తల వంపులో, ముందు కాళ్లు రుద్దుకోవడంలో, రెక్కలు దులుపుకోవడంలో చూపించాల్సి వచ్చింది. విలన్ వైపు వేలెత్తి చూపినట్టు కాలెత్తే ఆ చిన్న కదలికకు థియేటర్లో ఈలలు పడ్డాయి. అది యానిమేటర్ నటన. ఆ ఈలల వెనక ఎవరి ఈలకు ఏ కదలిక కావాలో తెలిసిన దర్శకుడు ఉన్నాడు, అదే గదిలో కూర్చుని మళ్లీ చేయమన్నాడు, ఎందుకు చేయాలో చెప్పాడు. ఆ బృందం అలాంటి ఒక్క సినిమాతో నేర్చుకున్నది పదేళ్లు బయటి షాట్లు చేసినా రాదు. మనకు ఇంకో పది ‘ఈగ’లు ఎందుకు రాలేదని ఏ సదస్సులోనైనా అడిగారా?

పురాణాలున్నాయి కాబట్టి కథలకు కొదవ లేదన్నది చివరి ముక్క. 2025 జూలైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ 300 కోట్లు దాటాక ఈ నమ్మకం ఇంకా గట్టిపడింది. ఆ విజయం చూసి నేను నిజంగా సంతోషించాను. యానిమేషన్ అంటే చిన్నపిల్లలకే అన్న పాత అపోహను అది కొట్టిపారేసింది. టికెట్టు కొని చూసినవాళ్లు మనవాళ్లే కాబట్టి ఇంటి ప్రేక్షకుడే దిక్కు అన్న మాటనూ నిలబెట్టింది. కానీ ప్రహ్లాదుడి కథ మనకు ఉండడం వేరు, దాన్ని ఈనాటి పిల్లవాడికి చెప్పగల రచయిత ఉండడం వేరు. కథ ఉంటే చాలదని ‘పాండవాస్’ ఎప్పుడో తేల్చేసింది. దేవుళ్లు తప్ప వేరే పాత్రలు పుట్టకపోతే ఈ ఊపు రెండు మూడేళ్లకే అరిగిపోతుంది. బడికి ఆటోలో ఇరుక్కుని వెళ్లే పిల్ల, అమ్మమ్మ ఊళ్లో చెరువు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, వీళ్ల కథలు మన యానిమేషన్‌లో ఎక్కడున్నాయి? 2006లో తెలుగులో ‘కిట్టు’ అనే యానిమేషన్ సినిమా వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. దాని పేరు తెలిసిన తెలుగువాళ్లు ఎందరు? దాని వెనక ఒక వరస ఎందుకు కట్టలేకపోయాం?

తెలుగు మార్కెట్ చిన్నది, అందుకే బయటికి చూడక తప్పదు అంటారు. ఇది వింటే నాకు కోపం వస్తుంది. 2011 లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8.11 కోట్లు. దక్షిణ కొరియా జనాభా ఐదు కోట్ల పైచిలుకు. లాత్వియా జనాభా 20 లక్షల లోపు, మన ఒక పెద్ద జిల్లా అంత. ఆ లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్‌బలోడిస్ ‘ఫ్లో’ అనే సినిమాను ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో, ఫ్రాన్స్, బెల్జియంలను కలుపుకుని 35 లక్షల యూరోలతో తీశాడు. వాళ్ల జాతీయ సినిమా కేంద్రం డబ్బు పెట్టింది. 2025లో ఆస్కార్ వచ్చింది. అంతకన్నా నాకు ముఖ్యంగా తోచేది, లాత్వియా థియేటర్లలో ఏ సినిమానూ చూడనంతమంది దాన్ని చూశారు. ఎనిమిది కోట్లమందిలో పిల్లలు ఎందరో, వాళ్ల కోసం తెలుగులో కొత్తగా తయారవుతున్న యానిమేషన్ ఎన్ని గంటలో పక్కపక్కన పెట్టి చూడండి. కుషి టీవీ ఉంది, అందులో ఎక్కువ భాగం వేరే భాషల బొమ్మలకు తెలుగు గొంతులు తగిలించినవే. యూట్యూబ్‌లో చిట్టి చిలకమ్మ పాటలు కోట్లసార్లు చూస్తున్నారు, అవీ చాలావరకు బెంగళూరులో తయారవుతున్నాయి. అంటే చూసేవాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం ఇక్కడ డబ్బు పెట్టేవాళ్లు లేరు.

మనం ఒకప్పుడు ఈ పని చేశాం. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు ‘చందమామ’ మొదలుపెట్టినప్పుడు ప్రపంచ మార్కెట్ కోసం పెట్టలేదు. కొడవటిగంటి కుటుంబరావు గారు తెలుగు పిల్లవాడు హాయిగా చదువుకునే వాక్యం రాశారు. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు వేశారు. ఆ తర్వాత అది పన్నెండుకు పైగా భాషల్లోకి వెళ్లింది. రచయితకు జీతం, చిత్రకారుడికి జీతం, నెలనెలా తప్పనిసరిగా ఎదురుచూసే పాఠకుడు, ఈ మూడూ ఒకే చోట ఉన్నాయి కాబట్టి సాగింది. మన స్టూడియోలకు కావలసినవీ అవే మూడు.

ప్రభుత్వాలు చేయగలిగింది చాలా ఉంది, దానికి టవరంత ఖర్చు కూడా అక్కర్లేదు. ప్రజల డబ్బుతో రాయితీ తీసుకునే స్టూడియో ఏటా కొన్ని నిమిషాలైనా హక్కులు తనవిగా ఉన్న తెలుగు యానిమేషన్ తీయాలని షరతు పెట్టండి. ఎన్ని సీట్లు నింపారో అడిగే ఫారంలోనే ఎన్ని పాత్రల మీద హక్కులున్నాయో కూడా అడగండి. దూరదర్శన్ యాదగిరి, సప్తగిరిలలో, తెలంగాణ టీ-శాట్‌లో సాయంత్రం అరగంట కొత్త తెలుగు యానిమేషన్‌కు కేటాయించి, తయారయ్యాక కొనడం కాకుండా తయారవడానికి ముందే ఒప్పుకుని డబ్బివ్వండి. ఈబీఎస్ పొరోరోకు చేసింది దాదాపు అదే. తొలి డబ్బు రెండరింగ్ యంత్రాలకు వద్దు. రచయితకూ స్టోరీబోర్డు ఆర్టిస్టుకూ ఒక ఏడాది జీతం ఇవ్వండి, అందులో సగం కథలు పనికిరాకపోయినా ఫరవాలేదు, ఎక్కడైనా అంతే. రెండు రాష్ట్రాలూ కలిసి చేస్తే ఖర్చు సగమవుతుంది, ప్రేక్షకులు రెట్టింపవుతారు. పాఠ్యపుస్తకాలు, నదీజలాల మాట ఎలా ఉన్నా, పిల్లల బొమ్మల విషయంలో విజయవాడకూ హైదరాబాద్‌కూ పేచీ పడాల్సిన అవసరం ఏమీ లేదు.